పెద్దప్రేగు శస్త్రచికిత్స - పెద్ద కోత, చిన్న రంధ్రములు

మా కళాశాలలో రసాయనశాస్త్రము బోధించు పెద్దాయన ఒకరు కలరు. రెండేండ్ల క్రిందట వారి అన్నగారికి పెద్దప్రేగులో గడ్డ యున్నట్లు తేలినది. ముక్క తీసి పరీక్షింపగా అది రాచపుండు, అనగా కాన్సరు, అని నిర్ధారణ అయినది. శస్త్రవైద్యులు "నాలుగైదు చిన్న రంధ్రములు చేసి లాపరోస్కోపు ద్వారా తీసివేయుదుము, అవసరమైనచో పొట్ట తెరువవలసి రావచ్చును" అని చెప్పి సంతకము తీసికొనిరి. ఈ వాక్యములో మొదటి సగము ఇంటివారందరికిని జ్ఞాపకమున్నది. రెండవ సగము ఎవరికిని లేదు. ఆపరేషను మొదలైన గంటన్నరకు వైద్యులొకరు వెలుపలికి వచ్చి, పొట్ట తెరువక తప్పలేదని చెప్పగా కుటుంబమంతయు హడలిపోయినది. నాలుగు రోజుల పిమ్మట పెద్దాయన నన్ను పట్టుకొని, "ఏమండీ మాస్టారూ, నాలుగు రంధ్రాలన్నారు, చివరికి జానెడు కోత కోశారు. లోపల ఏదో తెగి ఉంటుంది, మనకు చెప్పటం లేదు. మీరు జంతుశాస్త్రం వారు గదా, మీకేమనిపిస్తుంది?" అని అడిగినారు.

బొద్దింకను కోసినంత మాత్రమున మనుష్యుని ప్రేగుల సంగతి తెలియదని నేనెంత చెప్పినను వారు వదలలేదు. వారికి సమాధానము చెప్పుటకై చదివిన సంగతులే ఈ వ్యాసమునకు ఆధారము.

మొదట ఆ అవయవమును గూర్చి రెండు మాటలు. పెద్దప్రేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. ఇది కడుపునకు కుడివైపు క్రిందిభాగమున చిన్నప్రేగు వచ్చి కలియుచోట మొదలై, పైకి కాలేయము వరకు పోయి, అడ్డముగా ఎడమ ప్రక్కకు తిరిగి, అక్కడినుండి క్రిందికి దిగి, సిగ్మాయిడ్ అనబడు వంకర భాగమై, తుదకు పురీషనాళములో కలియును. ఇంటి గోడలకు ఆనించి వేసిన పందిరి చట్రమువలె ఇది చిన్నప్రేగుల చుట్టును అమరియున్నదని ఊహింపవచ్చును. జీర్ణమైన ఆహారమునుండి నీటిని పీల్చుకొనుట దీని ముఖ్యమైన పని.

ప్రేగులో గడ్డ పుట్టినచో, గడ్డ నొక్కదానినే గిల్లివేసి ఊరకుండుటకు వీలులేదు. ఏలయన ప్రేగునకు రక్తము తెచ్చు ధమనుల వెంట, చెట్టుకొమ్మలకు కాయలు కాచినట్లు, శోషరస గ్రంథులుండును. కాన్సరు కణములు గడ్డను విడిచి బయలుదేరినప్పుడు సాధారణముగా ముందు చేరునది ఈ గ్రంథులలోనికే. కాబట్టి శస్త్రవైద్యుడు గడ్డకు ఇరుప్రక్కల కొంత మంచి ప్రేగును, ఆ భాగమునకు చెందిన రక్తనాళములను మొదలంట కట్టి కోసి, వాటితోపాటు గ్రంథులున్న పొరను విసనకఱ్ఱ ఆకారమున నొక ముక్కగా తీసివేయును. తీసిన ముక్కలో కనీసము 12 గ్రంథులనైనను పరీక్షింపవలెనని నియమము. అంతకు తక్కువైనచో వ్యాధి ఎంతవరకు ప్రాకినదో నమ్మకముగా చెప్పలేరు. ఆ పిమ్మట మిగిలిన రెండు కొనలను కుట్లతోగాని, స్టేప్లరు యంత్రముతోగాని కలుపుదురు. ఈ అతుకు పట్టు వదలి మలము కడుపులోనికి కారినచో ప్రాణాపాయము. పెద్దప్రేగు ఆపరేషనులో వైద్యులు మిక్కిలి భయపడునది దీనికే.

ఇంతవరకు చెప్పిన పని పెద్ద కోతతో చేసినను, చిన్న రంధ్రములతో చేసినను ఒక్కటే. చిన్న రంధ్రము గనుక చిన్న ఆపరేషను అని మనవారిలో నొక అపోహ కలదు. పొట్టగోడపైని గాయము చిన్నదే. లోపలి గాయము మాత్రము ఏ పద్ధతిలోనైనను అంతే.

పొట్ట తెరచి చేయు పద్ధతి చాల పాతది. ఫ్రాన్సులోని లియోన్ నగరమునకు చెందిన రేబార్డ్ అను వైద్యుడు 1823లో సిగ్మాయిడ్ భాగములోని గడ్డను కోసి కొనలను కుట్టివేసెను. రోగి ఆపరేషనును తట్టుకొని బ్రదికెను. స్పృహ తప్పించు మందు లేని రోజులవి. ఈథరు మత్తు లోకమునకు తెలిసినది 1846లో. క్రిములను చంపు కార్బాలిక్ ఆమ్లముతో గాయములను కాపాడవచ్చునని లిస్టరు ప్రకటించినది 1867లో. ఈ రెండును వచ్చిన తరువాతనే కడుపు తెరచుట సామాన్య వైద్యులకు సాధ్యమైనది.

ఈ పద్ధతిలో నాభి మీదుగా నిలువున సుమారు పదునెనిమిది, ఇరువది సెంటీమీటర్ల కోత వేయుదురు. వైద్యుని కన్ను నేరుగా చూచును, చేయి నేరుగా తాకును. చేతి సంగతి సామాన్యము కాదు. కాలేయముమీద చేయి నిమిరి లోపల గట్టిగా తగులు గింజను కనుగొనవచ్చును; రక్తనాళము తెగినచో వ్రేలితో నొక్కిపట్టవచ్చును; గడ్డ ప్రక్క అవయవమునకు అంటుకొన్నదో లేదో తడిమి తెలిసికొనవచ్చును. అయితే ఈ సదుపాయమునకు రోగి మూల్యము చెల్లింపవలెను. పొట్టగోడ ఊరక యుండునది కాదు. మనము దగ్గినను, తుమ్మినను, మంచము మీదనుండి లేచినను, గట్టిగా ఊపిరి పీల్చినను అది కదలును. కోత పెద్దదైనచో నొప్పికి భయపడి రోగి లోతుగా ఊపిరి తీయడు, దగ్గడు; ఊపిరితిత్తుల అడుగుభాగములలో కఫము నిలిచి న్యుమోనియా రావచ్చును. గాలి తగిలి, చేతులు తగిలి ప్రేగులు కొన్ని రోజులు కదలిక మానివేయును. "గాలి పోయిందా?" అని వైద్యులు ప్రతి ఉదయము అడుగుట ఇందులకే. కొందరికి నెలలు గడచిన పిమ్మట మచ్చ బలహీనపడి అక్కడ ప్రేగు ఉబికివచ్చుటయు కలదు.

ఇక రెండవ పద్ధతి. 1901లో జర్మనీ దేశమున గెయోర్గ్ కెల్లింగ్ అను వైద్యుడు ఒక కుక్క కడుపులోనికి గాలి నింపి, మూత్రాశయమును చూచుటకు వాడు గొట్టమును లోనికి దూర్చి, అవయవములను సభ యెదుట పరిశీలించి చూపెను. 1910లో స్టాక్‌హోము నగరమున యాకోబేయస్ అను నతడు మనుష్యులయందు ఆ పని చేసెను. పిమ్మట ఏబదేండ్లు ఆ గొట్టము చూచుటకే గాని చేయుటకు పనికిరాలేదు, కారణమేమనగా వెలుతురు చాలదు. ఆ చిక్కు విప్పినవాడు వైద్యుడు కాడు, హెరాల్డ్ హాప్కిన్స్ అను భౌతికశాస్త్రజ్ఞుడు. అంతవరకు గొట్టములో చిన్న చిన్న కటకములను దూరదూరముగా అమర్చి, నడుమ గాలి నుండనిచ్చెడివారు. హాప్కిన్స్ 1959 ప్రాంతమున దీనిని తలక్రిందులు చేసెను. గొట్టమంతయు పొడవైన గాజుకడ్డీలతో నింపి, కడ్డీల నడుమ కొద్దిపాటి గాలి సందులను వదలగా ఆ గాలియే కటకమువలె పనిచేసెను! బొమ్మ వెనుకటికంటె ఎన్నో రెట్లు కాంతివంతమైనది. భౌతికశాస్త్రము నేర్పు మిత్రులు దీనిని తరగతిలో చెప్పినచో విద్యార్థులకు కటకముల పాఠము మరింత రుచించునని నా నమ్మకము.

జర్మనీలో కీల్ నగరమున కుర్ట్ సెమ్ అను స్త్రీవ్యాధుల వైద్యుడు 1980లో ఈ గొట్టముతోనే ఉండుకమును, అనగా అపెండిక్సును, తీసివేసెను. శస్త్రవైద్యులనేకులు అతనిపై మండిపడిరి. 1985లో ఎరిక్ మ్యూహె అను జర్మను వైద్యుడు పిత్తాశయమును తీసెను. అతనికిని అట్టి మర్యాదయే జరిగినది. ఆ తరువాత చిన్న వీడియో కెమెరాను గొట్టమునకు తగిలించుటతో, ఒక్క వైద్యుడు కన్ను ఆనించి చూచుటకు బదులు గదిలోని వారందరు తెరపై చూచుచు సాయపడుట సాధ్యమై, విద్య వేగముగా వ్యాపించినది. మన దేశమున ముంబయిలో డాక్టరు టెహెంటన్ ఉద్వాడియా 1990లో ఈ విధముగా పిత్తాశయమును తీసిరి. అదే సంవత్సరమున అమెరికాలోని మయామీ నగరములో మోయిసెస్ జేకబ్స్ పెద్దప్రేగులో కుడిభాగమును తీసెను.

పని జరుగు తీరు ఇది. నాభివద్ద ఒక సెంటీమీటరు రంధ్రము చేసి బొగ్గుపులుసు వాయువును లోనికి పంపుదురు. పొట్టగోడ గుడారమువలె పైకి లేచి లోపల చోటు ఏర్పడును. పీడనము 12 నుండి 15 మిల్లీమీటర్ల పాదరసమునకు మించనీయరు. మామూలు గాలి ఎందుకు కాదు? గాలి రక్తములో త్వరగా కరుగదు. పొరపాటున రక్తనాళములోనికి పోయినచో బుడగయై గుండెకు అడ్డుపడును. బొగ్గుపులుసు వాయువు రక్తములో సులభముగా కరగి ఊపిరితో వెలుపలికి పోవును. పైగా అది మండదు, మంటను పెంచదు. విద్యుత్తుతో రక్తనాళములను మాడ్చు చోట ఈ గుణము చాల అవసరము. అయితే కరిగిన వాయువును వెలుపలికి పంపు భారము ఊపిరితిత్తులమీద పడును గనుక, వాటి శక్తి బాగుగా తగ్గినవారికి ఈ పద్ధతి కొంత కష్టము. ఆపరేషను తరువాత కొందరు భుజము నొప్పి యనుటయు ఈ వాయువు వలననే. అది ఉదరమునకును రొమ్మునకును నడుమనున్న విభాజక పటలమును రేపగా, దానికిని భుజమునకును నరములు మెడలో ఒకేచోట పుట్టుటచే, మెదడు నొప్పి ఎక్కడిదో పోల్చుకొనలేక భుజమునకు అంటగట్టును.

ఆ మీద మరి మూడు, నాలుగు రంధ్రములు అర సెంటీమీటరు మొదలు ఒకటింపావు సెంటీమీటరు వెడల్పున చేసి, వాటిగుండా పొడవైన పనిముట్లను దూర్చుదురు. బల్లను ఏటవాలుగా వంచినచో చిన్నప్రేగులు తమంత తామే ప్రక్కకు జారును. ఇక్కడ వైద్యునికి రెండు కష్టములు. పనిముట్టు పొట్టగోడవద్ద త్రాసుకాడవలె ఆని యుండుటచే చేయి కుడికి జరిగినచో దాని కొన ఎడమకు పోవును. రెండవది, వ్రేళ్లకు స్పర్శ లేదు. ప్రేగు పైనుండి చూచినచో చిన్న గడ్డ ఎచ్చటనున్నదో తెలియదు. అందుచేత ముందుగనే మలద్వారము గుండా కొలనోస్కోపు పంపి గడ్డ దాపున నల్లసిరాతో పచ్చబొట్టు పొడుతురు. లాపరోస్కోపులో ఆ నల్లని మచ్చయే గుర్తు. తప్పు ముక్కను కోయు ప్రమాదమును ఒక సిరాచుక్క తప్పించుచున్నది.

"మరి అంత ప్రేగు అరంగుళము రంధ్రములోనుండి ఎట్లు వచ్చింది?" అని మా పెద్దాయన అడిగిరి. రాదు. చివరకు ఏదో యొక రంధ్రమును అయిదారు సెంటీమీటర్లకు పెంచియో, పొత్తికడుపున అడ్డముగా వేరొక చిన్న కోత వేసియో, ఆ గాయపు అంచులకు ప్లాస్టికు తొడుగు వేసి, దానిగుండా ముక్కను తీయుదురు. కావున ఇది కోతయే లేని ఆపరేషను కాదు.

ఆ తొడుగు వెనుక నొక భయంకరమైన కథ యున్నది. 1990 తరువాత రెండు మూడేండ్లకు విచిత్రమైన వార్తలు వినవచ్చినవి. లాపరోస్కోపు ద్వారా కాన్సరు తీయించుకొన్న కొందరికి, పనిముట్లు దూర్చిన రంధ్రముల మచ్చలలోనే కాన్సరు తిరిగి మొలచినది. 1994లో హాలండు వైద్యులు లాన్సెట్ పత్రికలో తమ 14 మంది రోగులలో 3గురికి ఇట్లు జరిగినదని వ్రాసిరి. వాయువు కణములను చెదరగొట్టుచున్నదా? గడ్డను ఇరుకు రంధ్రము గుండా లాగుటలో కణములు రాలుచున్నవా? ఒకటి రెండు రోజులు ముందుగా ఇంటికి పోవుటకై రోగి తన ప్రాణమునే పణముగా పెట్టుచున్నాడా? ఇట్టి ప్రశ్నకు అనుభవజ్ఞుల అభిప్రాయములు చాలవు. ఒప్పుకొన్న రోగులను చీట్లు వేసినట్లు రెండు గుంపులుగా పంచి, ఒక గుంపునకు పాత పద్ధతిని, రెండవ గుంపునకు కొత్త పద్ధతిని అనుసరించి, ఏండ్ల తరబడి కనిపెట్టి చూడవలెను.

అమెరికా, కెనడా దేశములలోని 48 వైద్యశాలలలో 872 మందితో జరిగిన పరిశోధన ఫలితములు 2004లో వెలువడినవి. ఇందులో పాల్గొను వైద్యుడు అంతకు ముందే కనీసము 20 ఇట్టి ఆపరేషనులు చేసి యుండవలెను, తన పని యొక్క వీడియోను పరీక్షకు పంపవలెను. మూడేండ్లలో కాన్సరు తిరిగి వచ్చినది లాపరోస్కోపు గుంపులో నూటికి 16 మందికి, పొట్ట తెరచిన గుంపులో 18 మందికి. బ్రదికియున్నవారు 86, 85. గాయపు మచ్చలలో వ్యాధి మొలచుట రెండు గుంపులలోను నూటికి ఒకటికంటె తక్కువే. అనగా ఆ భయము పద్ధతిలోని దోషము కాదు, ఆరంభకాలపు చేతివాటులోని దోషము. గడ్డను నలుపకుండుట, తొడుగు వేసి తీయుట నేర్చిన పిమ్మట అది చాలవరకు తొలగిపోయినది. ఐరోపాలో ఏడు దేశములు కలిసి జరిపిన పరిశోధనయు, బ్రిటనులో 794 మందితో జరిగినదియు 2005లో ప్రకటింపబడినవి; తరువాతి సంవత్సరములలో వచ్చిన వాటి దీర్ఘకాలపు లెక్కలలోను పెద్ద భేదమేమియు కానరాలేదు.

అట్లైన లాభమెంత? అమెరికా లెక్కలే చూతము. కోత 18 సెంటీమీటర్లకు బదులు 6. నొప్పికి సూదిమందు నాలుగు రోజులకు బదులు మూడు రోజులు. ఆసుపత్రిలో ఆరు రోజులకు బదులు అయిదు. ఆపరేషను సమయము మాత్రము 95 నిమిషములకు బదులు 150 నిమిషములు. ఆపరేషను సమయమునను, ఆ తరువాతను కలిగిన చిక్కులు 21, 20, అనగా సమానమే. ఐరోపా లెక్కలో రక్తనష్టము 175 మిల్లీలీటర్ల నుండి 100కు తగ్గినది, ప్రేగుల కదలిక ఒకరోజు ముందుగా వచ్చినది. ఇవి నిజమైన లాభములే, గాని కొన్ని ప్రకటనలలో మనము చూచునంత అద్భుతములు కావు. "నేడు ఆపరేషను, ఎల్లుండి ఉద్యోగము" అను ధోరణి పెద్దప్రేగు విషయమున చెల్లదు.

ఇంకొక సంగతి. డెన్మార్కు వైద్యుడు హెన్రిక్ కెలెట్ 1990 దశాబ్దమున పాత ఆచారములను ప్రశ్నించెను. రోగిని రోజుల తరబడి పస్తుంచుట, ముక్కులో గొట్టము వదలివేయుట, మంచము దిగనీయకుండుట ఎందులకు? వీటిని మానివేసి, మరునాడే నడిపించి, త్వరగా ఆహారమిచ్చి చూడగా పొట్ట తెరచిన రోగులు సైతము మునుపటికంటె వేగముగా కోలుకొనిరి. ఈ రెండు మార్పులను కలిపినప్పుడు ఫలితము అన్నిటికంటె మేలుగా నున్నట్లు 2011లో హాలండులో తేలినది. కనుక రంధ్రముల సంఖ్యతోపాటు, మరునాడు మిమ్ము నడిపింతురా యని కూడ వైద్యుని అడుగుట మంచిది.

ఇక మా పెద్దాయన అసలు ప్రశ్న. లాపరోస్కోపుతో మొదలుపెట్టి నడుమ పొట్ట తెరచుట ఎంత తరచుగా జరుగును? ఐరోపాలో నూటికి 17 మందికి, అమెరికాలో 21 మందికి, బ్రిటనులో 29 మందికి జరిగినది. బ్రిటను లెక్కలో మొదటి ఏట 38గా నున్నది ఆరవ ఏటికి 16కు దిగినది. వైద్యుల చేయి తిరిగినకొలది ఇది తగ్గునని తెలియుచున్నది. కారణములు పలువిధములు: గడ్డ మూత్రాశయమునకో, పొట్టగోడకో అంటుకొని యుండుట, వెనుకటి ఆపరేషనుల వలన ప్రేగులు ఒకదానికొకటి అతుక్కొనియుండుట, మితిమీరిన క్రొవ్వు, ఆగని రక్తస్రావము, లేదా మూత్రపిండమునుండి దిగు మూత్రనాళము స్పష్టముగా కానరాకుండుట. ఆ నాళమును గుర్తింపక ముందే ఎడమవైపు కోత సాగించుట కండ్లకు గంతలు కట్టుకొని నడచుట వంటిది. అట్టి సమయమున పొట్ట తెరచిన వైద్యుడు ఓడిపోయినట్లు కాదు. తెరువక మొండికి పోయినవాని వలననే ప్రమాదము. అట్లని ఇది నష్టము లేనిదని చెప్పలేము. ఇట్లు మార్చవలసివచ్చిన రోగులకు తరువాతి చిక్కులు ఎక్కువగా నున్నవి. వారి వ్యాధియే కష్టమైనదగుట దీనికి కొంత కారణము; రెండు పద్ధతుల శ్రమయు ఒకే శరీరముపై పడుట మరికొంత కారణము. కాబట్టి ఎవరికి మొదటనే పొట్ట తెరువవలెనో గ్రహించుటలో వైద్యుని నేర్పు తెలియును. ప్రేగు పూర్తిగా మూసుకొనిపోయి ఉబ్బియున్నప్పుడు లోపల చోటే యుండదు; గడ్డ మిక్కిలి పెద్దదై ఇతర అవయవములలోనికి చొచ్చుకొన్నప్పుడును అంతే. అట్టివారికి పెద్ద కోతయే క్షేమము.

పురీషనాళపు కాన్సరు వేరు కథ. అది కటి ఎముకల ఇరుకులో నుండును. 2015లో వెలువడిన పరిశోధనలు ఒకదానితో నొకటి ఏకీభవింపలేదు: ఐరోపావారు రెండు పద్ధతులు సమానమనిరి, అమెరికావారు, ఆస్ట్రేలియావారు ముక్క తీసిన శుభ్రత విషయమున సమానమని రుజువు చేయలేకపోతిమనిరి. ఇక యంత్రహస్తముల, అనగా రోబోటుల, సాయము వైద్యునికి మణికట్టువంటి కదలిక నిచ్చును. కాని 2017లో ప్రకటించిన 471 మంది పురీషనాళ రోగుల పరిశోధనలో పొట్ట తెరువవలసి వచ్చినవారి సంఖ్య 12.2 నుండి 8.1 శాతమునకు మాత్రమే దిగినది. అంత కొద్ది భేదము కాకతాళీయము కావచ్చునని గణితశాస్త్రము చెప్పును. ఖర్చు మాత్రము కాకతాళీయముగా పెరుగదు.

పెద్దాయన అన్నగారి ఆపరేషను పత్రమును తెప్పించి ఇద్దరమును కలిసి చదివితిమి. గడ్డ మూత్రాశయపు గోడను అంటియున్నది. ఎడమ మూత్రనాళము తెరపై కానరాలేదు. వెంటనే పొట్ట తెరచి, నాళమును వ్రేలితో తడిమి గుర్తించి, మూత్రాశయపు గోడలో చిన్న ముక్కతో సహా గడ్డను తీసిరి. ఏదియు పొరపాటున తెగలేదు. పదవ రోజున ఆయన ఇల్లు చేరిరి. పత్రమును మడిచి జేబులో పెట్టుకొనుచు పెద్దాయన, "ఈ మాట ఆ రోజే కూర్చోబెట్టి చెప్పి ఉంటే మేమింత బాధపడేవాళ్లం కాదు గదా" అన్నారు. అందుకు నావద్ద సమాధానము లేకపోయినది.

ఆ పత్రము అడుగున తోబుట్టువులకు కొలనోస్కోపు పరీక్ష చేయింపవలెనని వ్రాసియున్నది. ఈ వ్యాధి ఒకరికి వచ్చినచో అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు, బిడ్డలకు వచ్చు అవకాశము కొంత హెచ్చు. పెద్దాయన రెండు నెలలు వాయిదా వేసి, చివరకు దసరా సెలవులలో పోయి చేయించుకొనిరి. బఠాణీగింజంత పిలక యొకటి కనబడగా, దానిని ఆ గొట్టముతోనే త్రుంచివేసి పరీక్షకు పంపిరి. ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వచ్చి భోజనము చేసిరి.